పుట్టలో చెమ్మ, పెట్టెలో ఉక్క

మూడేళ్ళ కిందట జనవరిలో మా పెంపుడు బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) కుబుసాన్ని ఏడెనిమిది ముక్కలుగా విడిచింది. మెడ దగ్గర ఒక పేలిక, నడుము మీద ఒక పట్టీ ఊడి వచ్చాయి. తోక చివర మాత్రం పాత తోలు ఉంగరంలా బిగిసిపోయి ఉండిపోయింది. గాలిలో తేమ చాలలేదనుకున్నాను. అది నిజమే. పెట్టె పైనున్న జాలీ మీద ముప్పాతిక మేర ప్లాస్టిక్ షీటు పరిచి టేపు వేశాను. పొద్దున్నా సాయంత్రం స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లాను. తేమ మీటరు 75 శాతానికి ఎక్కింది, నా మనసు కుదుటపడింది. ఆ టేపు అలాగే ఉండిపోయింది.

ఆగస్టులో ఒకరోజు నీళ్ళ గిన్నె కడగడానికని పామును చేతిలోకి తీసుకున్నాను. పొట్ట కింద వెడల్పు పొలుసులు మూడు చోట్ల గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. ఒక పొలుసు అంచున గోధుమరంగు మరక, దాని పక్కనే ఆవగింజంత నీటి పొక్కు. పెట్టెలోంచి ముక్కిపోయిన బియ్యం వాసన వస్తోంది. అద్దం లోపలి వైపు నీటి చుక్కలు బారులు తీరి ఉన్నాయి. చూసిన పశువైద్యుడు ‘తేమ తగ్గించండి’ అనలేదు. ‘పొట్ట కింద తడి ఆరడం లేదు, లోపల గాలి కదలడం లేదు’ అన్నారు. ఆ రెండు మాటలకీ ఉన్న తేడా నాకు తలకెక్కడానికి కొన్ని నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ తేడా గురించే.

మాది ఒడిశాలోని బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు. పాముల మీద ప్రేమ వల్ల పరిచయమైన తమ్ముడొకడు మహారాష్ట్రలో, విదర్భలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఉంటాడు. వాళ్ళ తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. అతనిదీ బాల్ పైథానే. ఇంచుమించు అదే కొలతల పెట్టె, అదే రకం మీటరు. ‘అన్నా, నువ్వు చెప్పిన లెక్క ఈడ నడుస్తలేదు’ అని మే నెలలో ఫోన్ చేశాడు. నడవదు కూడా. ఒకే పామును ఒకే పెట్టెలో పెట్టినా, తూర్పు తీరంలో ఒక రకంగా, విదర్భ ఎండల్లో ఇంకో రకంగా చూసుకోవాలి. పెంపకం గురించి చెప్పేవాళ్ళు ‘60 శాతం ఉంచండి’ అని ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఏది నిలబెడుతుందో తెలియకపోతే జనవరిలో నేను చేసిన పనే అందరూ చేస్తారు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు చట్టం మాట. మన పొలాల్లో, పెరళ్ళలో తిరిగే జెర్రిపోతునో, నాగుపామునో, కొండచిలువనో పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను మాట్లాడేది విదేశీ జాతుల గురించి మాత్రమే. వాటికీ నియమాలున్నాయి. 2022లో చేసిన సవరణతో అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లోని జంతువులు ఆ చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. బాల్ పైథాన్ వాటిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, వేరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కాగితం లేని పామును ఎంత తక్కువకి ఇస్తామన్నా కొనకండి.

నాలుగు మాటలు, ఒక మీటరు

నీటి గురించి మనకి వేరువేరు మాటలున్నాయి. ముట్టుకుంటే చేతికి అంటేది తడి. మట్టిలోనో గోడలోనో ఇంకి, పైకి కనబడకుండా లోపల దాగి ఉండేది చెమ్మ. గాలిలో ఆవిరిగా కలిసి ఉండేది తేమ. ఆ తేమ కదలకుండా ఒంటిని కప్పేస్తే దాన్ని ఉక్క అంటాం. హైగ్రోమీటరు ఈ నాలుగింటిలో ఒక్కదాన్నే, తేమనే, కొలుస్తుంది. కింద నేల తడిగా ఉందా, గాలి కదులుతోందా అన్నది దానికి తెలియదు. కాబట్టే 75 శాతం చూపించే రెండు పెట్టెల్లో ఒకదానిలో పాము నిగనిగలాడుతూ ఉంటుంది, రెండో దానిలో పొట్ట పొక్కులెక్కుతుంది. పాముకి కావలసింది కింద చెమ్మ, పైన తేమ. నేను స్ప్రే బాటిల్‌తో ఇచ్చింది తడి. టేపు వేసి మూసేసరికి అది ఉక్క అయింది.

ఈ సంగతి మా ఇంట్లో తెలియనిది కాదు. మా తాత గుంటమగ్గం మీద పట్టు నేసేవారు. ఎండాకాలం గాలి పొడిబారితే పోగులు తెగుతాయని తెల్లవారుజామునే గుంటలో నేల మీద నీళ్ళు చిలకరించి, మట్టి పీల్చుకున్నాక అప్పుడు కూర్చునేవారు. కిటికీ మాత్రం మూసేవారు కాదు. మూస్తే పట్టుకి బూజు వాసన పడుతుందనేవారు. నీళ్ళు నేలకి పోశారు, పోగు మీద ఎన్నడూ చల్లలేదు. పాము పెట్టెకి నేను నేర్చుకున్నది చివరికి ఆ పద్ధతే, కాకపోతే చాలా చుట్టు తిరిగి.

అంకె ఎందుకు మోసం చేస్తుంది

మీటరు చూపించేది సాపేక్ష తేమ. అంటే ఆ వేడి దగ్గర గాలి మోయగలిగినంత ఆవిరిలో ఇప్పుడు ఎంత వంతు ఉంది అన్నది. వేడి పెరిగేకొద్దీ గాలి మోయగలిగే ఆవిరి వేగంగా పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరిని మోస్తుంది. 25 దగ్గర 23 గ్రాములు, 30 దగ్గర 30, 35 దగ్గర దాదాపు 40. అందువల్ల నీటి చుక్క కలపకుండా, తీయకుండా, గాలిని వేడి చేస్తే చాలు, శాతం పడిపోతుంది. 25 డిగ్రీల గదిలో 60 శాతం ఉన్న గాలిని పెట్టెలోకి పంపి 32 డిగ్రీలకి వేడి చేస్తే అది 41 శాతం అవుతుంది. నీళ్ళు ఎక్కడికీ పోలేదు.

బాల్ పైథాన్ పెట్టెలో ఒక వైపు 32 డిగ్రీల దాకా వేడి, రెండో వైపు 26 డిగ్రీల చల్లదనం ఉండాలి. పాము తనకి కావలసిన చోటికి జరుగుతుంది. పెట్టె అంతటా ఆవిరి సమానంగా, ఘనపు మీటరుకి 17 గ్రాముల చొప్పున ఉందనుకుందాం. చల్లని వైపు మీటరు 70 చూపిస్తుంది, వేడి వైపు 50. రెండూ నిజమే. మీటరు ఎక్కడ అంటించారో చెప్పకుండా ‘మా పెట్టెలో 50 ఉంది’ అంటే అర్థం లేదు. నేను రెండు పెడతాను, రెండూ చల్లని వైపే. ఒకటి నేల మీద, పాము తల ఉండే ఎత్తులో, రెండోది పైన మూతకి దగ్గరగా. కిందది ఎప్పుడూ పైదాని కన్నా ఎక్కువ చూపిస్తుంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు. రెండూ ఒకే అంకె మీద నిలబడి 90 దాటితే గాలి చచ్చిపోయిందని అర్థం.

చలికాలంలో బల్లార్షాలో జరిగేది ఇంకా విచిత్రం. డిసెంబరు తెల్లవారుజామున బయట 12 డిగ్రీలు, 70 శాతం తేమ, గడ్డి మీద మంచు బిందువులు. చూస్తే ఎంత తేమగా ఉందో అనిపిస్తుంది. కానీ 12 డిగ్రీల గాలి మొత్తం మోయగలిగేదే 11 గ్రాముల లోపు. అందులో 70 శాతం అంటే ఏడున్నర గ్రాములు. ఆ గాలి పెట్టెలోకి వచ్చి 30 డిగ్రీలకి వేడెక్కితే మిగిలేది 25 శాతం. బయట మంచు కురుస్తుంటే లోపల పాము చర్మం ఎండిపోతుంది. సెరామిక్ హీటర్ పెడితే పాములు పొడిబారిపోతాయని బల్లార్షా తమ్ముడు హీటర్ని తిట్టుకునేవాడు. హీటర్ నీళ్ళేమీ తాగలేదు, గాలికి ఆకలి పెంచింది.

గాలి జేబు, మట్టి గాదె

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇప్పుడు చెప్పేది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టెలో పట్టే గాలి దాదాపు 450 లీటర్లు. 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ అంటే ఆ గాలి మొత్తంలో ఉన్న నీళ్ళు ఏడు గ్రాములు. చెంచాన్నర. 80 శాతానికి ఎక్కించాలంటే కలపవలసింది రెండున్నర గ్రాముల లోపే, అంటే అర చెంచా.

ఇంత చిన్న నిల్వ కాబట్టే అది క్షణంలో నిండుతుంది, క్షణంలో ఖాళీ అవుతుంది. స్ప్రే కొట్టగానే మీటరు 60 నుంచి 85కి దూకడం, గంట తిరిగేసరికి మళ్ళీ 55కి పడడం అందుకే. నలభై యాభై మిల్లీలీటర్లు కొడతాం. అర చెంచా గాలిలోకి వెళ్తుంది. మిగిలినదంతా ఆకుల మీద, అద్దం మీద, నేల పైపొర మీద, పాము వీపు మీద తడిగా కూర్చుంటుంది. పాము రోజంతా పొట్ట మీద ఉండే జీవి. ఆ తడి పైపొర మీదే పడుకుంటుంది. పొలుసుల సందుల్లో తడి ఆరకపోతే చర్మం మెత్తబడి, బాక్టీరియా దూరి, పొక్కులు లేచి పుండు పడుతుంది. దీన్నే స్కేల్ రాట్ అంటారు.

గాలి జేబులాంటిదైతే, కింద పరిచే పొర గాదెలాంటిది. నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిస్తే ఆ పెట్టెలో సుమారు 75 లీటర్ల పొట్టు పడుతుంది. దానిలో మూడు నాలుగు లీటర్ల నీళ్ళు పోసినా పిడికిట బిగిస్తే ఒక్క చుక్క కారదు. గాలిలో ఉన్న దానికి కొన్ని వందల రెట్ల నిల్వ అది. అక్కడి నుంచి ఆవిరి నెమ్మదిగా, రాత్రింబవళ్ళు పైకి వస్తూనే ఉంటుంది. అప్పుడు పైన రంధ్రాలు ధారాళంగా తెరిచి ఉంచినా తేమ పడిపోదు, ఎందుకంటే పోయినదాన్ని గాదె భర్తీ చేస్తుంది. రంధ్రాలు మూయాలా, తెరవాలా అన్న పేచీ చాలావరకు ఇక్కడే తీరిపోతుంది. పలచగా న్యూస్‌పేపరో, టిష్యూనో పరిచిన పెట్టెకి గాదె లేదు. అందుకే దానికి మూత బిగించాలనిపిస్తుంది.

నీళ్ళు పోయడంలోనూ ఒక తీరు ఉంది. చెంబుతో నీళ్ళు తీసుకుని పెట్టె నాలుగు మూలల్లో, గోడకి ఆనించి, సన్నగా పోస్తాను. నీళ్ళు కిందికి జారి అడుగున పరుచుకుంటాయి. పై అంగుళం పొడిగానే ఉంటుంది. మరునాడు వేలు గుచ్చి చూస్తాను. మొదటి కణుపు దాకా పొడి, రెండో కణుపు దగ్గర చల్లగా చెమ్మ తగలాలి. కూరగాయల కుండీకి ఎప్పుడు నీళ్ళు పోయాలో చూసే పద్ధతే ఇది. వేలికి పొట్టు ముద్దగా అంటుకుంటే ఎక్కువ పోసినట్టు.

పుట్ట ఎలా ఊపిరి పీలుస్తుంది

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో ఎక్కువ. బయట నెలల తరబడి పొడి కాలం ఉంటుంది. అయినా అది బతుకుతుంది, ఎందుకంటే పగలంతా ఎలకల బొరియల్లో, చెదపుట్టల్లో గడుపుతుంది. పాము పుట్టలో ఉంటుందని మనకి చెప్పక్కర్లేదు. నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళిన వాళ్ళెవరైనా ఒకసారి ఆ కన్నం దగ్గర చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే, పుట్ట గోడని గమనించండి. ఎండకి పైన రాయిలా గట్టిగా ఉంటుంది. లోపల చెదపురుగులు ఎండిపోకుండా చెమ్మ నిలబెట్టుకుంటాయి. అన్ని లక్షల పురుగులు వదిలే చెడుగాలి బయటికి పోకపోతే గూడు నిలవదు.

ఇది ఎలా సాధ్యమో 2015లో హార్వర్డ్ శాస్త్రవేత్త ఎల్. మహదేవన్ బృందం బెంగుళూరు దగ్గరి పుట్టల్లో కొలిచి చూపించింది. పగలు పుట్ట అంచుల్లోని సన్నటి గొట్టాలు ఎండకి త్వరగా వేడెక్కి వాటిలో గాలి పైకి లేస్తుంది, నడుమ ఉన్న పెద్ద గొట్టంలో గాలి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడతాయి, ప్రవాహం తిరగబడుతుంది. గోడ మట్టికి సన్నని రంధ్రాలుంటాయి, వాటిగుండా గాలి మారుతుంది. ఫ్యాను లేదు, తలుపు లేదు. పగటికీ రాత్రికీ ఉన్న వేడి తేడాతో పుట్ట ఊపిరి పీలుస్తుంది. చెమ్మ ఉండాలంటే మూసెయ్యాలి అనే మన తొందరకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

మన పెట్టెలో ఆ వేడి తేడా ముందే ఉంది. ఒక వైపు హీటర్, రెండో వైపు చల్లదనం. కాబట్టి చల్లని వైపు గోడకి కింద, పొట్టు పొరకి రెండంగుళాల పైన ఒక వరస రంధ్రాలు, వేడి వైపు గోడకి పైన ఇంకో వరస రంధ్రాలు పెడితే చాలు. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంది, కింది నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. మూత మొత్తం జాలీ అయితే వేడి గాలితో పాటు తేమ పొగగొట్టంలో పొగలా ఒక్కసారిగా లేచిపోతుంది. ఒకే వైపు, ఒకే ఎత్తులో రంధ్రాలుంటే గాలి లోపలికి రాక, బయటికి పోక అక్కడే నిలబడిపోతుంది. రంధ్రాలు ఎన్ని అన్నదాని కన్నా ఎక్కడ అన్నదే ముఖ్యం. నా పాత పెట్టెలో రంధ్రాలు తక్కువేమీ కాదు, అన్నీ పైనే ఉన్నాయి.

గాలి ఆడుతోందో లేదో చూడటానికి అగరుబత్తి చాలు. పామును బయటికి తీసి వేరే గదిలో, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. హీటర్ వేసి గంట ఆగాలి. వెలిగించిన అగరుబత్తిని బయట నుంచి కింది రంధ్రాల దగ్గర పట్టుకోవాలి. నా కొత్త పెట్టె దగ్గర మొదటిసారి చేసినప్పుడు పొగ దారంలా వంగి రంధ్రంలోకి దూరింది, నేల మీదుగా పాకింది, నీళ్ళ గిన్నె దాటాక నెమ్మదిగా లేచి, నిమిషం లోపే రెండో చివర పైనుంచి సన్నగా బయటపడింది. అది చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పాత పెట్టెలో అదే పొగ మూల దగ్గర ముద్దలా పేరుకుని కదల్లేదు. సరిగ్గా ఆ మూలలోనే పాము పడుకునేది. పరీక్ష అయ్యాక పొగ వాసన పూర్తిగా పోయేదాకా పామును లోపల పెట్టకండి.

గాలి కావలసింది ఊపిరాడదని కాదు. పాము వాడే ఆక్సిజన్ చాలా తక్కువ, చిన్న సందులు సరిపోతాయి. పైపొర ఆరడానికి, మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు పోవడానికి, బూజు పెరగకుండా ఉండటానికి గాలి కదలాలి. పాములకి మనలా ఛాతీకీ పొట్టకీ నడుమ ఉండే కండర పొర, ఉదర వితానం, లేదు, గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేవు. చాలా జాతులకి పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే, కుడిది. పైథాన్లకి రెండూ ఉన్నా ఎడమది చిన్నది. చెడ్డ గాలిలో ఒకసారి కఫం చేరితే దిగడం కష్టం. నోటి అంచున బుడగలు, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు, నోరు తెరిచి తల పైకెత్తి ఉంచడం కనిపిస్తే రంధ్రాలు సవరిస్తూ రోజులు గడపకండి, సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గరికి ఆ రోజే వెళ్ళండి.

ఆగస్టు బరంపురం, మే బల్లార్షా

ఇప్పుడు ఊళ్ళ సంగతి. ఆగస్టులో మా ఊళ్ళో 30 డిగ్రీలు, 85 శాతం తేమ మామూలే. డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, బీరువాలో చీరలకి మచ్చలు పడతాయి. ఆ గాలిని పెట్టెలోకి ఎంత పంపినా లోపలి శాతం బయటి దాని కిందికి దిగదు. వేడి చేస్తేనే దిగుతుంది. 32 డిగ్రీలకి చేరితే 76 అవుతుంది. అంటే ఈ కాలంలో 60 కోసం పోరాడటం వృథా. పోరాడవలసింది తడితో. నేను జూలై నుంచి అక్టోబరు దాకా పొట్టులో నీళ్ళు పోయను. పొరని రెండంగుళాలకి తగ్గిస్తాను. నీళ్ళ గిన్నె చిన్నది, చల్లని వైపు పెడతాను. గిన్నె ఎంత వెడల్పుగా ఉంటే, ఎంత వేడిలో ఉంటే అంత ఆవిరి. పై రంధ్రం బయట కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించి, ఫోన్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులతో మెల్లగా తిప్పుతాను. గాలిని బయటికి లాగేలా, లోపలికి ఊదేలా కాదు. పాము ముఖాన గాలి కొడితే అది దాక్కుంటుంది. మీటరు 78 చూపిస్తూనే ఉంటుంది. పైపొర పొడిగా, గాలి కదులుతూ ఉంటే బాల్ పైథాన్‌కి ఆ 78 వల్ల ఏ హానీ లేదు, ఈ రెండు వానాకాలాలు నేను చూశాను.

ఫ్యాను మీదే ఆధారపడకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు లేని రోజులు మా ఊళ్ళో ఎవరూ మరచిపోలేదు. కరెంటు లేకపోయినా గాలి కాస్తో కూస్తో నడిచేలా ముందు రంధ్రాలు సరిచేసుకోవాలి, ఫ్యాను ఆ తర్వాత. తీర ప్రాంతంలో మామూలు ప్లైవుడ్ పెట్టె కూడా వద్దు. రెండు వానాకాలాలకి అంచులు ఉబ్బి బూజు లోపలికి దిగుతుంది. వంటింటి అరలకి వాడే పీవీసీ షీటు తేలిక, కడగడం సులువు.

బల్లార్షాలో మే నెల కథ పూర్తిగా వేరు. మధ్యాహ్నం బయట 44 డిగ్రీలు, తేమ 15 శాతం. అక్కడ మొదటి శత్రువు తేమ లేకపోవడం కాదు, వేడి. 35 దాటి పాము ఎక్కువసేపు తట్టుకోలేదు. మా తమ్ముడు పెట్టెని కూలరున్న గదిలో పెట్టాడు. కూలరు తిరిగినంతసేపు గదిలో 30 డిగ్రీలు, 65 శాతం. కరెంటు పోయిన రెండు గంటల్లో 38 డిగ్రీలు, 20 శాతం. ‘ఒక్కపూట్ల రెండు దేశాలు చూస్తున్నదన్నా ఇది’ అన్నాడు పాము గురించి. ఆ ఊగిసలాటకి విరుగుడు మళ్ళీ గాదె. అయిదంగుళాల పొట్టు, కింద బాగా చెమ్మ, పైన ఎండుటాకులు. జాలీ మూతలో మూడొంతులు మూయడం అక్కడ న్యాయమే, కింది రంధ్రాలు తెరిచి ఉంచితే. నేను ఆగస్టు దాకా ఉంచి తప్పు చేసిన పని అతను మేలో చేస్తే ఒప్పు.

అతనికి నేను చెప్పిన వాటిలో బాగా పనికొచ్చింది మట్టి కుండ. మెరుగు లేని చిన్న కుండని అంచు పగలగొట్టి దారి చేసి, అరగంట నీళ్ళలో నానబెట్టి పెట్టెలో బోర్లిస్తాడు. పొడి గాలి కుండ గోడలోని నీటిని లాగేసుకుంటుంది, కుండ చల్లబడుతుంది. మధ్యాహ్నం బయటికన్నా కుండలో చల్లగా, చెమ్మగా ఉంటుంది. వాళ్ళింటి రంజన్ కుండలో నీళ్ళు చల్లబడే తీరే ఇది. అదే కుండ ఆగస్టులో మా ఇంట్లో పనిచేయదు. మా గాలికి లాగేసుకునే ఆకలి లేదు. మీ ఊరి గాలి ఎలాంటిదో తెలియాలంటే ముందు మీ ఇంటి కుండలో నీళ్ళు తాగి చూడండి.

ఈ ఊళ్ళ తేడాకి తోడు జాతుల తేడా ఉంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 శాతం చాలు. కెన్యా సాండ్ బోవా పొడి నేలల పాము, దానికి బల్లార్షా సుఖం, బరంపురం కష్టం. కానీ ఏ పాముకైనా పెట్టెలో ఒక మూల చెమ్మ గూడు ఉంచితే మంచిది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పాము దూరేంత కన్నం పెట్టి, లోపల పిండేసిన స్ఫాగ్నమ్ నాచు వేయాలి. ఆర్కిడ్ మొక్కలు అమ్మే నర్సరీల్లో ఆ నాచు దొరుకుతుంది. మనం లెక్క తప్పినా పాము తన లెక్క తాను చూసుకుంటుంది. కుబుసం విడిచే రోజుల్లో అది గంటల తరబడి ఆ గూడులోనే ఉంటే, పెట్టె మొత్తం పొడిబారిందని మనకి కబురు పంపినట్టు.

మీటరు నమ్మదగినదో కాదో కూడా చూసుకోవాలి. చవక మీటర్లు పది శాతం అటూ ఇటూ చూపించడం మామూలు. సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్ళు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతని, మీటరుని ఒకే జిప్ కవరులో పెట్టి గాలి చొరకుండా మూసి రాత్రంతా వదిలేయండి. 25 డిగ్రీల ప్రాంతంలో లోపలి గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 68 చూపిస్తే ఏడు కలుపుకుని చదువుకోవాలని మీటరు వెనక రాసుకోండి. కల్లుప్పు వాడకండి. దానిలో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, మెగ్నీషియం లవణాలూ ఉంటాయి, లెక్క కిందికి జారుతుంది.

వీటన్నిటికీ తీర్పు చెప్పేది చివరికి కుబుసమే. విడవడానికి ముందు పాత తోలుకీ కొత్త తోలుకీ నడుమ ద్రవం చేరుతుంది. కళ్ళు పాలు కలిపిన నీలంలా మసకబారతాయి. కొద్ది రోజులకి కళ్ళు తేటపడతాయి, ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో విడుస్తుంది. మసకబారినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకోకండి, చూపు ఆనక బెదిరిపోయి ఉంటుంది. విడిచాక కుబుసాన్ని వెలుతురుకి పట్టి రెండు చోట్లు చూడండి. తల దగ్గర కంటిపొరలు రెండూ చిన్న అద్దపు బిళ్ళల్లా ఉండాలి. పాముకి రెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, అదీ కుబుసంతో ఊడాలి. రెండోది తోక కొస. కొస మీద పాత తోలు ఉండిపోతే అది ఎండి బిగిసి రక్తం ఆడనివ్వదు, కొస నల్లబడి రాలిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన తువ్వాలు మధ్య అరగంట పాకనిస్తే సాధారణంగా ఊడుతుంది. కంటిపొరని మాత్రం పట్టకారుతో లాగకండి. తర్వాతి కుబుసం దాకా చెమ్మ గూడు ఇచ్చి ఆగండి, అప్పటికీ రాకపోతే వైద్యుడికి వదిలేయండి.

మా పాము పొట్ట మీది పుండ్లు వైద్యుడిచ్చిన మందుతో, పొడి కాగితం మీద ఉంచి, మూడు కుబుసాలకి మానాయి. ఒక పొలుసు మీద మచ్చ మిగిలింది. జనవరి మళ్ళీ వచ్చింది. రాత్రి గదిలో 19 డిగ్రీలు, మూలల్లో రెండు లీటర్లు పోసి వారమైంది, కింది మీటరు 66, పైది 58. కింది రంధ్రాలు, పై రంధ్రాలు అన్నీ తెరిచే ఉన్నాయి. మంగళవారం కళ్ళు మసకబారాయి, నిన్న సాయంత్రానికి తేటపడ్డాయి. నాచు డబ్బాలోంచి ముక్కు కొస మాత్రం బయట పెట్టి పడుకుంది.